క్యారియర్‌లో సర్వర్

ఆ ఫోన్‌కు సిగ్నల్ తగిలిందా, రాణి ప్రాణాలు పోయినట్టే.

హిందూపురం ప్లాట్‌ఫారం మీద చీఫ్ హనుమంతరాయుడు గొంతు తగ్గించాడు. “ముఠా ఇంట్లో వంటమనిషి వేషంలో ఉండే మన ఏజెంట్‌ను వాళ్ల విదేశీ నాయకుడు విక్టర్ పసిగట్టినాడప్పా. దొంగచాటుగా ఫోటో తీసినాడు, సిగ్నల్ లేక అది ఇంకా ఫోన్‌లోనే ఉండాది. వాని యాప్ దాన్ని విదేశంలోని సర్వర్‌కు చేర్చిందంటే, ఆ ఇంటి కాపలావాళ్లకు ఆర్డర్ వస్తాది. చంపేస్తారు.”

“ఆ ఏజెంట్ నా చెల్లెలు రాణి సార్,” అన్నాడు సాల్మన్.

“తెలుసు. అందుకే నిన్ను పిలిచినా.”

చీఫ్ చేతికిచ్చింది ఒక టిఫిన్ క్యారియర్. పై గిన్నెలో ఇప్పటికే ఆన్ చేసిన జామర్, చుట్టుపక్కల సిగ్నల్ అంతా మింగేస్తుంది. కింది గిన్నెలో దొంగ సర్వర్. ఫోటో దానికే అందుతుంది. నాలుగంకెల కోడ్‌తో “అందింది” అని అది జవాబిస్తే, విక్టర్ ఫోన్ నమ్మి ఫోటోను తనే చెరిపేస్తుంది. కోడ్ తప్పితే అలారం మోగుతుంది. ఎక్కబోయే రైల్లో విక్టర్ ఉన్న బోగీలోనే అతని మనుషులు నలుగురు ఉన్నారు.

కోడ్ తెలిసింది యశోదకు. విక్టర్ పక్కన నల్ల కళ్లద్దాలతో తిరిగే అందగత్తె. ఇటూ అటూ పనిచేసే డబుల్ ఏజెంట్. ఎవరిని ముంచుతుందో చీఫ్‌కే తెలియదు.

రైలు పెనుకొండ దాటింది. క్యారియర్ అడుగున బ్యాటరీ లైటు ఎర్రబడింది. చీరలమ్మేవాడి వేషంలో మూట మోస్తున్న సాల్మన్ అది చూశాడు. దేవుడా, అమ్మకు ఏం చెప్పాలి?

“ధర్మవరం పట్టు, మేడమ్.” యశోద ఒళ్లో చీర పరిచాడు.

విక్టర్ ఫోన్ నుంచి తలెత్తాడు. తెలుగును పుస్తకాలు చదివి నేర్చుకున్న ఘనుడు. “మిక్కిలి సుందరముగా నున్నది. వెల యెంత?”

“ఈడ బేరం నోటితో ఆడరు,” అంది యశోద. “మా రొళ్ల ఊరి పక్క ఎద్దుల సంతలో మాదిరి గుడ్డ కింద చెయ్యి పెట్టప్పా.”

సాల్మన్ నాయన సంతల్లో దళారి. తువ్వాలు కింద వేళ్లు పట్టి ధర చెప్పుకోవడం సాల్మన్‌కు చిన్ననాటి విద్య. చీర కింద చెయ్యి పెట్టాడు. ఆమె మూడు వేళ్లు పట్టింది. తర్వాత ఒకటి. తర్వాత చేయంతా, అంటే అయిదు. నాలుగోసారి ఏ వేలూ పట్టకుండా అరచెయ్యి తాకి వదిలేసింది.

“కుదరదులే, పో.”

అది సున్నానా? భయపడి వెనక్కి తగ్గిందా? ఆమె కళ్లద్దాల వెనక ఏముందో కనిపించలేదు. అడగడానికి లేదు. లైటు ఆరబోతోంది. చీర మడతల చాటున క్యారియర్ మీటల మీద మూడు, ఒకటి, అయిదు నొక్కాడు. చివరికి సున్నా కూడా నొక్కాడు.

విక్టర్ ఫోన్ టింగుమంది. “అందినది!” అంటూ నవ్వాడు. ఆ వెంటనే జామర్ ఆగిపోయింది.

ధర్మవరంలో బేడీలు పడేటప్పుడు విక్టర్ యశోద వైపు తెల్లబోయి చూశాడు. “ఎప్పుడు చెప్పితివి?”

“నీ ఎదురుగానే కదప్పా,” అందామె, చీర చంకన పెట్టుకుంటూ.

అప్పుడు సాల్మన్ ఫోన్ మోగింది. రాణి గొంతు వినగానే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

“పోలీసులొచ్చి నన్ను బయటికి తెచ్చినారు. యాడుండావన్నా? కాపాడమని ఇందాకట్నించి చేస్తాండా. నీ ఫోన్‌కు సిగ్నలే లేదంటాది!”