ఒకే గడప

తుల యంత్రం మూడో తూకం ముగించేలోపు ఇందుమతి రెండో టీ తెప్పించుకుంది. తీరవిభాగం అర్హతాధికారిగా ఆమె రోజూ చేసే పని ఒక్కటే. కాలేజీలో చేరబోయే పిల్లల ఇళ్ళ రాబడిని తులకు చూపించాలి, అది ఇచ్చిన తీర్పును కాస్త మెత్తటి మాటల్లో చెప్పాలి. పొద్దుటి నుంచి అంతా సవ్యంగానే నడుస్తోంది. ఇద్దరికి చదువు ఖర్చుకు పూర్తి చేయూత వచ్చింది, ఒకరికి సగం. కిటికీ అవతల కరకట్ట మీద యంత్రాలు పాచి గీకుతున్నాయి, ఉప్పుగాలి హాయిగా ఉంది. ఈ ఉద్యోగమంటే ఆమెకు ఇష్టం. 'చేరిపో' అన్నప్పుడు పిల్లల మొహాల్లో వచ్చే వెలుగు కోసం జీతం లేకపోయినా వచ్చేదేమో.

తరువాతి పిలుపు గరికిన నూకరత్నానిది. కరకట్టల నిర్మాణం చదవడానికి సీటు వచ్చిన పిల్ల. ఆమె పేట ఇప్పటికే సముద్రానికి భయపడి పలుమార్లు వెనక్కి జరిగింది, అందుకే ఆ చదువు. సాయంత్రంలోగా చేయూత ఖాయం కాకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. పక్కనే తల్లి పోలమ్మ, తలకు నూనె పెట్టి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది. ఆమె భర్త పడవతో సహా తుపానులో పోయాడు.

ఇందుమతి ఆ ఇంటి గడపకన్నును తులకు కలిపింది. గుమ్మం దాటి లోపలికి వచ్చిన ప్రతిదాన్నీ గడపకన్ను తూచి పెడుతుంది. బయటికి వెళ్ళేది దానికి పట్టదు. తుల కాసేపు గురగురలాడి ఎర్రగా వెలిగింది.

"అనర్హులు. పేట మొత్తంలో సంపన్నగృహం ఇదే."

ఇందుమతి మళ్ళీ తూయించింది. మళ్ళీ అదే మాట.

"మాయిల్లేనా అమ్మా?" పోలమ్మ ముందుకు వంగింది. "సగం కప్పు నేదు. సంపన్నవంటాదేటి?"

ఇందుమతి వివరాలు తెరిచింది. చేపలు. బియ్యం. మళ్ళీ చేపలు. నూలుచీర. ఎవరో నింపి తెచ్చిన బ్యాటరీ. మళ్ళీ చేపలు. ప్రతిరోజూ, ప్రతిసారీ వేరే చెయ్యి.

"ఇవన్నీ ఎవరు తెస్తున్నారమ్మా?"

"పేటోలేనమ్మా. పడవ నేని ఇంటికి ప్రెతీ పడవా ఓ పాలు తీత్తాది. మా ఆయనున్నప్పుడు మావూ తీసినాం."

నూకరత్నం ఇక ఆగలేకపోయింది. "నెలతూకం అయ్యేదాకా ఏదీ లోపలికి రాకుండా తలుపు మూసేద్దామని నేను ముందే చెప్పానండి. కోచింగులో అందరిచేతా తలుపుపథ్యం చేయిస్తారు. ఒక్క నెల. మా అమ్మ ఒల్లనంది."

"కూడట్టుకొచ్చినోడి మొకం మీద తలుపెలాగేత్తానే?" అంది పోలమ్మ. కూతురు అటు చూడలేదు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అవి కోపానివో బాధవో ఆమెకే తెలియదు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి యంత్రం, దానికి దక్షిణ కూడా అక్కర్లేదు. 'వచ్చే ఏడు తలుపు మూసి రండి' అని చెప్పి పంపడం ఇందుమతికి అలవాటే. ఆ మాట ఎంతమందికో చెప్పింది. ఇవాళ మాత్రం అది నోటిదాకా వచ్చి ఆగింది. తన అపార్టుమెంటులో పక్కవాళ్ళ గిన్నె ఒక్కటీ లోపలికి వచ్చింది లేదు. తుల దృష్టిలో తను బీదరాలు. ఆ ఆలోచనకు ఆమెకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

ఇందుమతి పోలమ్మ పొరుగింటి గడపకన్నును కూడా తెరిచి చూసింది. ఎల్లాజీ అనే అతనిది. పొద్దున అతని గుమ్మంలోకి వచ్చిన చేపలే కాసేపటికి పోలమ్మ గుమ్మంలోకి వచ్చాయి. ఒకే చేపను తుల రెండిళ్ళలో రెండుసార్లు తూచింది. అతని కొడుకునూ కిందటేడు కాదంది.

"మీ వంట ఎక్కడమ్మా?"

"సంద్రంలో ఏట బాగుంటే ఎవులింటికాడ ఆలే. వానొత్తే అందరం ఎల్లాజీ పొయ్యికాడికే. ఆడి కప్పొక్కటే కారదు."

తుల మొదటి సూత్రం ఇందుమతికి కంఠతా వచ్చు: ఒక పొయ్యి కూడు పంచుకునేవారంతా ఒకే ఇల్లు, ఇంటిలోపల చేతులు మారినది రాబడి కాదు. ఉమ్మడి కుటుంబాల కోసం రాసిన మాట అది. ఇంటికి ఎన్ని గోడలుండాలో అందులో ఎవరూ రాయలేదు. ఆమె పటం తెరిచి పేట మొత్తాన్నీ చుట్టి వేలితో ఒక గీత గీసింది.

"ఇది ఎన్ని గడపలు?" అని అడిగింది తుల.

"ఒకే గడప."

"ఇంటి పెద్ద పేరు చెప్పండి. తూకం తప్పయితే జవాబుదారీ వారిదే."

పోలమ్మ తటపటాయించింది. "ఎల్లాజీ పేరు రాసీండమ్మా. ఆడికి రెండు పడవలున్నాయి."

"మా అమ్మ పేరు రాయండి," అంది నూకరత్నం.

"నా పేరా? నాకాడేటుందే?"

"పడవున్న ప్రతివోడూ పొద్దున్నే నీ గుమ్మంలోకే వస్తాడు గదే." ఈసారి పిల్ల తల్లివైపు తిరిగే చెప్పింది. పోలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, పేరు పూర్తిగా చెప్పింది.

తుల పేటలోపల చేతులు మారినవాటిని కొట్టేసి, మిగిలిన తూకాన్ని పేటలోని తలలన్నిటికీ పంచింది. చాలాసేపు పట్టింది. ఇందుమతి టీ చల్లారిపోయింది. చివరికి నూకరత్నం పేరు పచ్చగా వెలిగింది: పూర్తి చేయూత. దాని కింద ఎల్లాజీ కొడుకు పేరు, ఆ కింద ఇంకో పేరు, ఇంకోటి. ఏళ్ళుగా కాదన్న పిల్లలందరూ వరసగా పచ్చబడుతున్నారు.

"చేరిపో," అంది ఇందుమతి. ఆ పిల్ల తల్లి భుజం మీద తలపెట్టి ఏడ్చేసింది.

వాళ్ళు గది దాటారో లేదో రాజధాని నుంచి పైఅధికారి పిలుపు వచ్చింది. "ఇందుమతిగారూ, ఏమిటండీ ఇది? ఒక్క ఇంట్లో ఇంతమంది పిల్లలా?"

ఇందుమతి తలుపు వైపు చూసింది. వరండాలో పొరుగుపేటల వాళ్ళు పోలమ్మను చుట్టుముట్టి ఏదో అడుగుతున్నారు. పోలమ్మ చేతులు తిప్పుతూ గాలిలో పెద్ద గీత గీసి చూపిస్తోంది.

"ఇంటివాళ్ళు ఇంకా అందరూ రాలేదండీ," అంది ఇందుమతి.