కుడి బుగ్గ మీది మచ్చ

ఆదివారం పొద్దున ఒడెస్సా చర్చికి తయారవుతూ హాల్లో అద్దం ముందు నిలబడింది. కుడి బుగ్గ మీది పుట్టుమచ్చ చుట్టూ పౌడరు అద్దుకుంటుంటే మేడ మీద మళ్ళీ హీల్స్ చప్పుడు. టక్, టక్. పైన ఎవరూ లేరని ఆవిడకి తెలుసు. కొడుకు రోలండ్ గుండె ఆగి పోయిన దగ్గర్నుంచీ ఆ చప్పుడు ఆవిడను వదలడం లేదు. మెంఫిస్ ఊళ్ళోని క్లబ్బుల్లో వాడు ఆడవేషం కట్టి ఆడేవాడు. అక్కడ వాడి పేరు మిస్ వెల్వెటీన్. ఒక్క షోకైనా ఆవిడ వెళ్ళలేదు. "ఆడవాళ్ళని వెక్కిరించడం కూడా ఒక కళేనా?" అంది ఓసారి. వాడు వేషం సామానంతా మేడ మీదే వదిలేసి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాణ్ణి చూసింది శవపేటికలోనే.

ఎవరో తలుపు కొట్టారు. రోలండ్ శిష్యుడు జమారీ.

"ఇవాళ మధ్యాహ్నం అమ్మ జ్ఞాపకంగా షో పెట్టాం, మిస్ ఒడెస్సా. తన ఆకుపచ్చ గౌను ఇస్తారేమోనని..."

"అమ్మేమిట్రా? వాడికే అమ్మని నేనిక్కడ ఉంటే!"

"మాలో వేషం నేర్పినవాళ్ళే అమ్మ. మావాళ్ళు నన్ను గెంటేస్తే తిండి పెట్టింది కూడా తనే."

"గౌనొక్కటే ఎందుకు, విగ్గులతో సహా అన్నీ పట్టుకుపో. ఇవాళ్టితో ఈ ఇంటికి ఆ గోల వదిలిపోవాలి."

"తన అద్దం దగ్గరే ముస్తాబవనా? ఈ ఒక్కసారికి!"

 ఆవిడ మెట్లవైపు చెయ్యి చూపించి, చర్చి మాటే మరిచిపోయి, వంటింట్లో మొక్కజొన్న జావ కలుపుతూ ఉండిపోయింది.

చాలాసేపటికి మెట్ల మీద హీల్స్ చప్పుడు. ఈసారి నిజం చప్పుడే. తలెత్తి చూసిన ఒడెస్సా చేతిలోంచి గరిటె జారిపోయింది. దిగి వస్తున్నది తనే! పెళ్ళినాటి ఒడెస్సా. అవే కళ్ళు, అదే మూతి విరుపు, కుడి బుగ్గ మీద అదే మచ్చ.

"నా ఇంట్లో నిలబడి నన్నే వెక్కిరిస్తావా? కడుక్కో! ముందు ఆ ముఖం కడుక్కో!"

జమారీ బెదిరిపోయాడు. "మిమ్మల్నా? అయ్యో, ఇది మిస్ వెల్వెటీన్ ముఖమండీ. అమ్మ ముఖాన్నే కూతుళ్ళం దిద్దుకుంటాం. ఆ మచ్చ ఒక్కటే..."

"ఆ మచ్చకేమైంది?"

"అమ్మకది ఎడమ బుగ్గ మీద. నేను ఎదురుగా కూర్చుని చూసి నేర్చుకున్నానా, అద్దంలో దిద్దుకునేసరికి అటుది ఇటైపోయింది. ఎన్ని తిట్లు తిన్నానో! ఒకరోజు మాత్రం నన్నలా చూస్తూ చూస్తూ ఏడ్చేసింది. 'ఇంక మార్చకే, దాని అసలు చోటు అదే. నేనూ నీలాగే ఎదురుగా కూర్చుని నేర్చుకున్నాను' అంది. ఎవర్ని చూసి అంటే చెప్పలేదు."

ఒడెస్సా చెయ్యి తన కుడి బుగ్గ మీదికి వెళ్ళింది. ఆవిడ చర్చికి ముస్తాబవుతుంటే చిన్న రోలండ్ ఎదురుగా స్టూలెక్కి కూర్చుని కన్నార్పకుండా చూసేవాడు.

"నా బంగారు తండ్రీ! వెక్కిరింపు కాదురా... ఎంత మాటన్నానురా నిన్ను!"

గోడకి ఆనుకుని భోరున ఏడ్చింది. జమారీకీ ఏడుపొచ్చింది కానీ, రంగు కారిపోతుందని పైకి చూస్తూ ఆపుకున్నాడు.

చివరికి ఆవిడే కళ్ళు తుడుచుకుంది.

"ఇలా కూర్చోవే పిల్లా. ఆ కనుబొమ్మలేమిటి, నెత్తికెక్కాయి? నావెప్పుడైనా అలా ఉన్నాయా?"

వాటిని తన చేత్తో సరిదిద్ది, పొయ్యి ఆపి, చర్చి టోపీ తలకి పెట్టుకుంది.

"ప్రార్థన వేళ దాటిపోయింది కదండీ, ఇప్పుడెక్కడికి?"

"నా ముఖం ఎక్కడికెళ్తోందో నేను చూసుకోవద్దూ? పద."