మోత్యా కంటి మీది మచ్చ

ఆ ఉదయం షోలాపూర్ మీద మబ్బులు ఒకచోట నిలవలేదు. పడమటి నుంచి వచ్చి, నాలుగు చినుకులు రాల్చి, తూర్పుకు పోతున్నాయి. కొంతం చౌక్‌లో డిటెక్టివ్ సిద్ధరాములు గది తలుపు గాలికి కొట్టుకుంటూనే ఉంది. మూయడానికి లేచిన అతని సహాయకురాలు ఋతుజకు గడపలో ఒక ముసలామె కనిపించింది. కాళ్ళకు చెప్పులు లేవు.

"సిద్ధరాములన్నా, మా ఆయన పేరు పాడైతున్నది. నువ్వే జెర చూడాలె."

ఆమె పేరు చంద్రభాగ. భర్త పోచయ్య చేతిమగ్గం మీద గోడబొమ్మలు నేస్తాడు. సాక్షి అనే పంతులమ్మ, బొమ్మలు అమ్మే అమోల్ ద్వారా, తన ముసలి కుక్క మోత్యా బొమ్మ నేయమని అడిగింది. మూడు నెలలు పట్టింది. ఈలోగా కుక్క చచ్చిపోయింది. నిన్న అశోక్ చౌక్‌లో అమోల్ దుకాణంలో పొట్లం విప్పితే, లోపల ఉన్నది కంప్యూటర్ గీసి పవర్‌లూమ్ నేసిన బొమ్మ.

"సాయంత్రం సంఘమోళ్ళు వస్తరట. దొంగ నేత అని చేనేత కార్డు గుంజుకుంటరట. ఆయన కూసుంటలేడు, నిలవడ్తలేడు."

"పొట్లం ఎవరెవరి చేతుల మీద పోయింది?"

"కుట్టింది ఆయన. బండి మీద తీస్కపోయింది మా కొడుకు ప్రథమేశ్. మొన్న రాత్రంతా ఉన్నది అమోల్ దుకాన్ల. వాడే మార్చిండు! కంప్యూటర్ బొమ్మలు అమ్ముకునేది వాడే గద!"

సిద్ధరాములు చొక్కా తగిలించుకున్నాడు.

దుకాణంలో సాక్షి కూడా ఉంది. రాత్రి నిద్రపోయినట్టు లేదు. బల్ల మీద బొమ్మ పరిచి ఉంది. రెండు చెవులూ నిక్కించి, నిగనిగలాడే కుక్క.

"నాకు అక్కర్లేదు సార్ ఇది," అందామె. "మా మోత్యాకు నల్లమచ్చ ఎడమకంటి మీద. దీనికి కుడికంటి మీద ఉంది."

"అది కంప్యూటర్ గల్తీ సార్, బొమ్మ మార్చింది నేను కాదు," అన్నాడు అమోల్. "చూడుండ్రి, మేడమ్ పంపిన ఫోటోలు ఇరవై ఉన్నయ్ నా ఫోన్‌ల."

సిద్ధరాములు ఇరవై ఫోటోలూ చూశాడు. అన్నింటిలోనూ మచ్చ ఎడమకంటి మీదే. తరువాత బట్ట తిరగేశాడు. వెనుక దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు వదులుగా పరుగెత్తాయి. చేతినేతలో ఏ రంగు నూలు ఆ రంగు దగ్గరే మలుపు తిరుగుతుంది.

అక్కడి నుంచి పోచయ్య ఇంటికి వెళ్ళారు. పోచయ్య గుమ్మానికీ మగ్గానికీ మధ్య తిరుగుతున్నాడు. మోకాళ్ళు సరిగా వంగడం లేదు. మగ్గం కింద, చూసి నేయడానికి కాగితం మీద రంగులేసి గీసుకున్న నక్షా ఇంకా అలాగే ఉంది.

"సార్, తాత కూడా తప్పే గీసిండు!" అంది ఋతుజ. "మచ్చ కుడికంటి మీదే ఉంది."

"తప్పు కాదు బిడ్డా. నీకు చదువు ఎక్కువైంది గని మగ్గం తెల్వదు," అన్నాడు పోచయ్య. "మేము వెనుకదిక్కు నుంచి నేస్తం. నక్షా ఉల్టా గీస్తం. కోసి తిప్పితే ముఖం సీదా అయితది."

"ఏ ఫోటో చూసి గీసినవ్?" అడిగాడు సిద్ధరాములు.

"ఫోటో చూసి నేను నేయ. కుక్కను తోల్కరమ్మన్న. నాలుగు పొద్దులు వచ్చి ఈడనే పండుకున్నది."

"అప్పుడు ఇంట్లో ఎవరున్నరు?"

"నేను, చంద్రభాగ. పోరడు కుంభారి ఊర్ల ఉంటడు. పవర్‌లూమ్ పని. ఆయితారం వస్తడు."

సాయంత్రం నాలుగింటికి మగ్గం గదిలో అందరూ చేరారు. సంఘం పెద్ద వాకిట్లో కుర్చీ వేసుకున్నాడు. ప్రథమేశ్ తలుపుకు ఆనుకుని, గొళ్ళెం తీస్తూ వేస్తూ ఉన్నాడు.

"కంప్యూటర్ చెవులు నిక్కించింది గని మచ్చను అటు మార్చలేదు," అన్నాడు సిద్ధరాములు. "దానికిచ్చిన బొమ్మలోనే మచ్చ అటున్నది. అమోల్ దగ్గర సీదా ఫోటోలు ఇరవై ఉండగా నక్షాతో ఏం పని? చేసినవాడి దగ్గర కుక్క ఫోటో లేదు. ఈ నక్షానే ఫోన్‌లో ఫోటో తీసుకుపోయిండు. పోచయ్య, చంద్రభాగమ్మ కుక్కను చూసినోళ్ళు, మచ్చ ఎటో వాళ్ళకు తెలుసు. చేసినవాడు కుక్కనూ చూడలేదు, చేతిమగ్గం మీద ఒక్కనాడూ కూర్చోలేదు. నక్షా ఉల్టా ఉంటదని తెల్వదు. పొట్లం మోసింది కూడా అతనే."

గొళ్ళెం చప్పుడు ఆగింది.

"చేతినేతకు, దీనికి ఫరక్ తెలుస్తదా చూద్దామనుకున్న," అన్నాడు ప్రథమేశ్. "మగ్గం గుంతల కాళ్ళు పెట్టి పెట్టి నాయిన మోకాళ్ళు పోయినయ్. ఆమె గుర్తుపట్టకపోతే, ఇగ మగ్గం విడువు నాయినా అందామనుకున్న. ఆమె ఏడ్చింది. కార్డు మాట వచ్చింది. భయమైంది."

"నాయిననే అడగరాదురా?" అంది చంద్రభాగ.

"అడిగితే విడుస్తడా?"

అతను బండి పెట్టెలోంచి చుట్టిపెట్టిన అసలు బొమ్మ తెచ్చి గోడకు తగిలించాడు.

ముసలి కుక్క. ముంగాళ్ళ మీద గడ్డం ఆనించి, సగం నిద్రలో, ఒక్క చెవి మాత్రం లేపింది.

సాక్షి నేల మీదే కూర్చుంది. "నేను గేటు తీసినప్పుడు ఇట్లనే లేపేది," అంది.

సంఘం పెద్ద లేచి వచ్చి, అసలు బొమ్మ తిరగేసి, నూలు మలుపులు వేలితో తడిమి చూశాడు. కార్డు అడగలేదు. తెచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అమోల్ దుకాణం తెరవాలంటూ వెనుకే పోయాడు.

చంద్రభాగ చాప పరిచి జొన్నరొట్టెలు, పల్లిచట్నీ పెట్టింది. సాక్షి, సిద్ధరాములు, ఋతుజ కూర్చున్నారు. పోచయ్య గోడకు ఆని కాళ్ళు చాపాడు. ప్రథమేశ్ గడప దగ్గరే నిలబడ్డాడు. పోచయ్య అతని వైపు చూడలేదు. చాప మీద కొంచెం పక్కకు జరిగాడు. కొడుకు వచ్చి ఆ చోట కూర్చున్నాడు.

రొట్టె విరుస్తున్న చప్పుడే వినిపించింది.