తెల్లచొక్కాల మీద జీడిపండు

“పిల్లల కోసమే కద బావా ఇదంతా,” అన్నాడు రవికుమార్, మూడో గారె తుంచుకుంటూ.

సుస్మితకి ఒళ్ళు మండింది. పొద్దున్నుంచీ ఇదే మాట. పిల్లల కోసం, పిల్లల చదువు కోసం, పిల్లల భవిష్యత్తు కోసం. ఆ పిల్లల్లో ఒకతె అరుగు కిందే కూర్చుని, జీడిపళ్ళ నుంచి పిక్కలు మెలితిప్పి తీస్తోంది. పిలిస్తే పలికేంత దూరంలో ఉంది. ఎవరూ పిలవలేదు.

రవికుమార్ సుస్మితకి మేనమామ. వాళ్ళమ్మ గౌరికి తమ్ముడు. వైజాగ్‌లో ఉంటాడు. ఉద్దానంలో ఉన్న ఈ ఊరికి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి బాగులేదని చెప్పి వెళ్తాడు. ఓసారి రోడ్డు బాగులేదన్నాడు. ఓసారి ఫోన్ సిగ్నల్ బాగులేదన్నాడు. ఈసారి ఊరు ఊరంతా బాగులేదన్నాడు.

“ఇక్కడేటుంది బావా? జీడితోట, కొబ్బరితోట. పిల్లగుంటలు పెద్దయ్యాక కూడా పిక్కలేరుకోవాలా? వైజాగ్‌లో అయితే మంచి స్కూలు, కంప్యూటర్లు, కోచింగు. మా గోడౌన్‌లో నీకు పని ఎలాగూ ఉంది. తోట కౌలుకిచ్చేయ్.”

నాన్న పోలారావు తోట వైపు చూశాడు. “తుఫానుకి తోటంతా పోతే మళ్ళీ నా సేత్తో ఏసేను రవీ,” అన్నాడు. తర్వాత, “సరే. పిల్లల కోసం తప్పదంటే ఏటి సేత్తాం,” అన్నాడు.

“అక్కడైతే ఈ నీళ్ళ బెంగ కూడా ఉండదు,” అంది అమ్మ. కిడ్నీలు పాడై డయాలసిస్‌కి తిరిగేవాళ్ళు వాళ్ళ వీధిలోనే ఉన్నారు. అది ఈ నీళ్ళ వల్లేనంటారు, అందుకే అమ్మకి ఎప్పుడూ నీళ్ళ భయమే.

తోట గురించి మాట్లాడారు. అద్దె ఇంటి గురించి మాట్లాడారు. కొత్త ఇంట్లో ఫ్రిజ్ ఏ గోడకి పెట్టాలో కూడా మాట్లాడారు. చూడండి, ఫ్రిజ్‌కి ఉన్న గౌరవం సుస్మితకి లేదు.

సుస్మిత ఏడో తరగతి. ఊరి పక్క హైస్కూల్లో చదువుతోంది. ఖోఖో ఆడుతుంది. మామూలుగా ఆడటం కాదు, టెక్కలిలో పోటీలకి వెళ్ళినప్పుడు అవతలి టీము మేడమ్ వచ్చి పేరు అడిగి వెళ్ళింది. వచ్చే ఏడు టీముకి కెప్టెన్ నువ్వేనని పీఈటీ ప్రసన్నలక్ష్మి మేడమ్ మొన్ననే చెప్పింది. ఇదంతా ‘ఇక్కడేటుంది’ అనే లెక్కలోకి రాదా?

“అమ్మా, మరి నా ఖోఖో...”

“పెద్దోళ్ళు మాటాడతన్నప్పుడు మజ్జిలో దూరకు. పిక్కలు తియ్యి,” అంది అమ్మ.

ఇదెక్కడి న్యాయం? ఊరు మారేది తను. బడి మారేది తను. మాట్లాడేది మాత్రం గారెలు తినేవాళ్ళు.

మర్నాడు వైజాగ్ స్కూల్లో ఇంటర్వ్యూ. సుస్మితకీ, తమ్ముడు యుగంధర్‌కీ. తెల్లచొక్కాలు వేసుకుని రావాలట. మావయ్యే రెండు కొని తెచ్చాడు. సుస్మిత కొలత ఎవరూ అడగలేదు కాబట్టి చంకల దగ్గర బిగుతు. అమ్మ వాటిని తడిపి పెరట్లో దండెం మీద ఆరేసింది.

సుస్మిత ఆ చొక్కాల వైపు చూసింది. తన చేతిలో ఉన్న జీడిపండు వైపు చూసింది.

ఉద్దానంలో పిల్లలందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. జీడిపండు రసం బట్ట మీద పడినప్పుడు నీళ్ళలాగే ఉంటుంది. ఏమీ కనిపించదు. ఆరాక మచ్చ తేలుతుంది. ఇక సబ్బు పెట్టినా, రాయి మీద బాదినా పోదు. అందుకే జీడి కాలంలో ఎవరూ మంచి బట్టలతో తోటలోకి వెళ్ళరు.

అరుగు మీద వాళ్ళు టీ తాగుతున్నారు. సుస్మిత లేచి దండెం దగ్గరికి వెళ్ళింది. బాగా పండిన పండు తీసుకుని ముందు తన చొక్కా మీద పిండింది. తర్వాత తమ్ముడి చొక్కా మీద పిండింది. జేబు మీద, కాలర్ మీద, బొత్తాల వరస మీద. ఏమీ తెలియనట్టు వచ్చి మళ్ళీ పిక్కలు తీసింది.

సాయంత్రం అమ్మ ఇస్త్రీకి కూర్చుంది. వేడి తగిలేసరికి తెల్లచొక్కా మీద మచ్చ తేలింది. మొదట టీ ఒలికినట్టు కనిపించింది. పెట్టె ఇంకోసారి తిప్పేసరికి తుప్పు రంగుకి వచ్చింది. రెండో చొక్కా కూడా అంతే.

“యుగంధర్,” అని అరిచింది అమ్మ. “జీడిపండు తిని సేతులు ఈటికి తుడుసుకున్నావేట్రా?”

యుగంధర్ గడపలో నిలబడ్డాడు. చొక్కా వైపే చూస్తున్నాడు.

“అందుకే పల్లెటూళ్ళో ఉండకూడదంటాను,” అన్నాడు మావయ్య.

సుస్మిత ఇక ఆగలేకపోయింది.

“ఆడు కాదు. నానే సేసినాను,” అంది. “కావాలనే సేసినాను. పొద్దున్నుంచీ పిల్లల కోసం, పిల్లల కోసం అంతన్నారు. మమ్మల్ని ఒక్కసారైనా అడిగేరా? ఫ్రిజ్ ఎక్కడెట్టాలో మాటాడుకున్నారు. మా ఇద్దరికీ ఎల్లడం ఇష్టమో కాదో ఎవులికీ అక్కర్లేదు. మాకు ఇష్టం లేదు. నాకూ లేదు, తమ్ముడికీ లేదు. మేం రాం.”

అమ్మ చెయ్యెత్తింది. నాన్న ఆపాడు.

“కొట్టకు గౌరీ. గుంట సెప్పిందాంట్లో నిజముంది. మనం అడగలేదు.” ఆయన మచ్చ పడిన చొక్కా తీసి చూశాడు. “ఇద్దరికీ ఇష్టం లేకపోతే మనం ఎవులి కోసం ఎల్తన్నట్టు? రవీ, ఒద్దులే. ఇంక ఈ మాట ఆపేద్దాం.”

“చిన్న పిల్లల మాట పట్టుకుని నిర్ణయాలు మార్చుకుంటావేంటి బావా?” అన్నాడు మావయ్య. మొహం ముడుచుకుని బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

సుస్మిత గెలిచింది. ఆమెకే నమ్మకం కలగలేదు. కెప్టెన్ తనే. బడి అదే. చంకల్లో బిగుతైన చొక్కా తొడగక్కర్లేదు. ముందు తమ్ముడికి చెప్పి ఇద్దరూ కలిసి గెంతాలనుకుంది. గడపలో తమ్ముడు లేడు.

ఇంటి వెనక బోరింగు దగ్గర దొరికాడు. తన తెల్లచొక్కాని తడిపి, సబ్బు రాసి, రెండు చేతులతో రుద్దుతున్నాడు. చొక్కాతో పాటు ముఖం కూడా తడిసి ఉంది.

“ఏట్రా సేత్తన్నావు? అది పోదు,” అంది సుస్మిత నవ్వుతూ. “మరి ఎల్లక్కర్లేదురా. నాన్న మానేద్దామన్నారు.”

“ఇన్నాను,” అన్నాడు యుగంధర్. రుద్దడం ఆపలేదు.

“మరెందుకు ఏడుత్తన్నావు?”

“నాకు ఎల్లాలనుంది.”

సుస్మితకి అర్థం కాలేదు. “ఎక్కడికి? వైజాగా? నీకక్కడ ఏటుందిరా?”

“నాలుగో తరగతిలో నానొక్కణ్ణే కదక్కా.”

అది సుస్మితకి తెలియని విషయం కాదు. ఊళ్ళో చిన్నబడికి ఒక్కరే మాస్టారు. మిగతా పిల్లలు ఒక్కొక్కరే వ్యాను ఎక్కి పలాస ప్రైవేటు బడులకి వెళ్ళిపోయారు. ఊళ్ళో బడి ఉండగా వ్యాను ఎందుకన్నారు నాన్న. అలా నాలుగో తరగతిలో యుగంధర్ ఒక్కడే మిగిలాడు. క్లాసు ఫస్టూ నువ్వే, లాస్టూ నువ్వే అని సుస్మితే వాణ్ణి ఏడిపించేది.

“మాస్టారు ఒకటో తరగతోళ్ళకి అ ఆలు సెప్తంటే నాను ఓ మూల కూకుంటాను,” అన్నాడు యుగంధర్. “నాకు సెప్పీసరికి బెల్లు కొట్టేత్తారు. ఎక్కాలు గోడకి అప్పసెప్తన్నాను. ఆటల పీరియడ్‌లో నాతో ఆడ్డానికి ఎవులూ లేరు. అందరూ సిన్న గుంటలే. నీకైతే టీముంది.”

సుస్మిత పక్కన కూలబడింది. “ఇన్నాళ్ళూ నాతో ఎందుకు సెప్పలేదురా?”

“నువ్వడగలేదు.”

“ఇందాక అందరి ముందూ సెప్పొచ్చు కదా.”

“నా మాట కూడా నువ్వే సెప్పేసేవు కదక్కా,” అన్నాడు వాడు. చొక్కా పిండి, విప్పి, వెలుగులోకి పట్టుకుని చూశాడు. మచ్చ అలాగే ఉంది.

సుస్మితకి మళ్ళీ కోపం వచ్చింది. పొద్దున్నుంచీ వచ్చినంత కోపమే. అడక్కుండా వాడి గురించి మాట్లాడింది ఎవరు? వాడి చొక్కా పాడుచేసింది ఎవరు? ఈసారి తిట్టడానికి మావయ్య పనికిరాడు, అమ్మ పనికిరాదు. అంత పెద్ద కోపమూ తన మీదే పడింది.

నోరు మూసుకుని ఊరుకోవచ్చు. వాడెలాగూ చెప్పడు. ఖోఖో టీము, ప్రసన్నలక్ష్మి మేడమ్, టెక్కలి పోటీలు అన్నీ తన దగ్గరే ఉంటాయి. సుస్మిత ఆ మాట కాసేపు ఆలోచించింది. ఆలోచించలేదంటే అబద్ధం. యుగంధర్ మళ్ళీ సబ్బు చేతిలోకి తీసుకున్నాడు.

సుస్మిత వాడి చేతిలోంచి సబ్బు తీసి పక్కన పెట్టింది. “రా,” అంది.

అరుగు ముందు ఆటో ఆగి ఉంది. మావయ్య పలాస స్టేషన్‌కి బయలుదేరుతున్నాడు. నాన్న బ్యాగు ఆటోలో పెడుతున్నాడు. సుస్మిత తమ్ముడి చెయ్యి పట్టుకుని తిన్నగా వాళ్ళ మధ్యకి వచ్చింది.

“నాన్నా, ఇందాక నాను సెప్పింది నా మాటే. తమ్ముడి మాట కాదు. ఆణ్ణి నానూ అడగలేదు.” తమ్ముణ్ణి ముందుకి జరిపింది. “ఇప్పుడు ఆడు సెప్తాడు. మీరందరూ ఇనాల.”

అందరూ యుగంధర్ వైపు తిరిగారు. అంతమంది ఒక్కసారి తన వైపు చూడటం వాడికి అలవాటు లేదు. తలొంచుకుని, నేలకేసి చూస్తూ మొదలుపెట్టాడు. క్లాసులో ఒక్కడే ఉండటం గురించి చెప్పాడు. ఎక్కాలు గోడకి అప్పజెప్పడం గురించి చెప్పాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న మెల్లగా అరుగు మీద కూర్చున్నాడు.

“నాకు ఎల్లాలనుంది నాన్నా,” అన్నాడు యుగంధర్. “నా క్లాసులో పిల్లలుండాల. కానీ అక్క టీము...”

“విన్నావా బావా?” అన్నాడు మావయ్య ఎగిరి గంతేసినంత పని చేసి. “నేను చెప్పలేదూ? వీడు తెలివైనవాడు. చొక్కా ఏదైతే ఏంటి, రేపు పొద్దున్నే మనం...”

“మావా, ఆగు,” అంది సుస్మిత. “ఆడింకా సెప్తన్నాడు.”

మావయ్య ఆగాడు. యుగంధర్ అక్క వైపు చూశాడు. సుస్మిత తల ఊపింది. వాడు ఈసారి తలెత్తి, ‘కానీ’ దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.