మోగని గ్లాసు

"అందరికీ నమస్కారం. అంటే, నేను..."

టంగ్!

"అంటే, నేను లిఫ్టుల కంపెనీలో..."

టంగ్!

అతను ఆగిపోయి తలెత్తి చూశాడు. చివరి వరుసలో, ఎడమవైపు కుర్చీలో ఒక అమ్మాయి. ఒక చేతిలో స్టీలు గ్లాసు, రెండో చేతిలో చెంచా. ఏ పాపమూ ఎరగనట్టు చూస్తోంది.

"ఏమండీ, దాహమేస్తోందా?" అన్నాడు ఒళ్లు మండి.

గదంతా గొల్లుమంది.

"లేదండీ. మీరు 'అంటే' అన్నప్పుడల్లా కొట్టడం నా డ్యూటీ," అంది ఆ అమ్మాయి. "కంగారుపడకండి, కొట్టేది గ్లాసునే."

ఆ గది టైలరు షాపు పైన ఉండేది. కింద కుట్టుమిషన్ల టకటక, పైన మాట్లాడ్డం నేర్చుకునేవాళ్ల తడబాటు. రేడియోలో వార్తలు చదివి రిటైరైన మాస్టారు అక్కడ సాయంత్రాలు క్లాసు నడిపేవారు. మాట్లాడేవాళ్ల కోసం ఒక బల్ల ఉండేది. దానికి ఒక కాలు పొట్టి కావడంతో కింద అట్టముక్క మడిచి పెట్టారు. ఆ క్లాసులో రెండే నియమాలు. ఊతపదం దొర్లితే గ్లాసు మోగాలి. ప్రసంగం అయ్యాక గ్లాసు పట్టుకున్నవాళ్లు లేచి ఒక మంచి, ఒక లోపం చెప్పాలి. మొహమాటాలు పనికిరావు.

అతను సరదాకి వచ్చినవాడు కాదు. ఒక అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు మధ్యలో ఆగిపోతే, కారణం చెప్పడానికి కంపెనీ అతన్ని పంపింది. తప్పు కరెంటుది. కానీ అతను "అంటే... అంటే..." అని నీళ్లు నమిలేసరికి, ఏదో దాస్తున్నాడని అందరూ మీద పడ్డారు. మాట్లాడ్డం నేర్చుకోకపోతే ఇక మోటార్ల గదిలోనే కూర్చోవాలని మేనేజరు తేల్చేశాడు.

మొదటిరోజు గ్లాసమ్మాయి లేచి, "మంచి ఏమిటంటే, గొంతు బాగుంది. లోపం, ఆ గొంతులోంచి ఒక్క మాటే వస్తోంది," అంది. ఆ దెబ్బతో అతనికి 'అంటేగారు' అనే పేరు ఖాయమైంది.

ఆమె మాస్టారి అన్నగారి కూతురు. పళ్ల డాక్టరు చదువు ఆఖరి ఏడాదిలో ఉంది.

"నోళ్లు తెరిపించడం నా వంతు," అనేది. "తెరిచాక మాట్లాడించడం బాబాయి వంతు."

కోపం ఎన్నాళ్లుంటుంది? కొన్ని వారాలకే అతను సాయంత్రం ఎప్పుడవుతుందా అని గడియారం వంక చూడటం మొదలుపెట్టాడు. మాస్టారు చెప్పినవన్నీ బుద్ధిగా నేర్చుకున్నాడు. ఊపిరి పొట్టలోంచి తియ్యాలి. తోచనప్పుడు 'అంటే' అనకుండా ఊరుకోవాలి, ఆ మౌనానికి ఎవరూ చచ్చిపోరు. చేతులు మాత్రం అతని మాట వినేవి కావు.

"పోనీ, రేపటినుంచి వాటిని ఇంట్లో పెట్టి రండి," అని ఆమె సలహా ఇచ్చింది.

"గదినంతా చూసి బెదరకు బాబూ," అన్నారు మాస్టారు ఒకరోజు. "ఒక్క ముఖం చూసుకో, ఆ ముఖానికి చెప్పు. చివరి వరుసకి వినపడితే ముందు వరుసకీ వినపడ్డట్టే."

ఆ సలహాని అతను పాటించినంత శ్రద్ధగా ఇంకెవరూ పాటించి ఉండరు. చివరి వరుస, ఎడమవైపు కుర్చీ. ఇక ఆ గదిలో అతనికి వేరే ముఖం కనపడలేదు.

ఒక సాయంత్రం కుండపోతగా వాన. మాస్టారు కూడా ఎక్కడో చిక్కుకుపోయారు. గదిలో వాళ్లిద్దరే.

"వినేవాళ్లు లేరని మానేస్తారా? నేనున్నాగా. నాకు లిఫ్టంటే భయం. ఆ తాడు తెగితే?" అంది ఆమె.

"తెగదు. తెగినా పడదు. జారడం మొదలుపెట్టగానే రెండువైపులా బ్రేకులు పట్టాల్ని కరుచుకుంటాయి. ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. మిమ్మల్ని కిందపడనివ్వకూడదనే దాన్నలా కట్టారు."

ఆ చివరి మాట దగ్గర ఇద్దరూ కాసేపు కిటికీలోంచి వాన చూశారు.

"గమనించారా? ఒక్కసారి కూడా మోగలేదు," అంది ఆమె నెమ్మదిగా.

"మీరు కొట్టడం మర్చిపోయారేమో."

"నా డ్యూటీ నేనెప్పుడూ మర్చిపోను అంటేగారూ."

పరీక్షలయ్యాయి. ఆమెకి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. ఆమె చివరి క్లాసుకి మాస్టారు అందరికీ ఒకటే అంశం ఇచ్చారు. 'వెళ్లిపోయే మనిషికి ఒక మాట.'

అతను వారమంతా సాధన చేశాడు. రిపేరుకెళ్లిన ప్రతి లిఫ్టులోనూ తలుపులు మూసుకుని అద్దంతో మాట్లాడాడు. ఒక్క 'అంటే' కూడా మిగలకుండా ఏరిపారేశాడు. ఆ సాయంత్రం బల్ల దగ్గర నిలబడి, ఆమెనే చూస్తూ, ఎక్కడా తడబడకుండా చెప్పాడు.

"నాకు మాట నేర్పింది ఆ చివరి కుర్చీ. అది ఖాళీ అయితే నేనెవరితో మాట్లాడను? నా మాటలన్నీ వినడానికి మీరు జీవితమంతా నాతో ఉండిపోండి."

చప్పట్లు మారుమోగాయి. మాస్టారైతే "శభాష్!" అన్నారు.

ఆమె లేచింది. కాసేపు గ్లాసు వంక చూసుకుంది.

"మంచి... ఒక్క ఊతపదం కూడా లేదు. లోపం... ముగింపు కాస్త నాటకంలా ఉంది."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వకపోతే ఏడవాల్సి వచ్చేది. ఇంతకన్నా మర్యాదగా ఎవరు కాదంటారులే అనుకున్నాడు. మర్నాడు ఆమె వెళ్లిపోయింది.

ఏళ్లు గడిచాయి. మోటార్ల గదికి పోవాల్సినవాడు కంపెనీ తరఫున పెద్ద పెద్ద హాళ్లలో మాట్లాడే స్థాయికి వచ్చాడు. ఎక్కడికెళ్లినా చివరి వరుస ఎడమ కుర్చీని చూసే మాట్లాడేవాడు. అందులో ఏ బట్టతల పెద్దమనిషో ఉంటే, ఇతనెందుకు తనని అంత ప్రేమగా చూస్తున్నాడో తెలియక ఇబ్బందిగా కదిలేవాడు. ఎవరూ గ్లాసు మోగించేవారు కాదు. ఆ చప్పుడు లేని చప్పట్లు అతనికి చప్పగా ఉండేవి.

ఒకరోజు మాస్టారు ఫోను చేశారు.

"ఆ గది ఖాళీ చేస్తున్నాం బాబూ. ఆదివారం ఆఖరి క్లాసు. నువ్వు రాకపోతే ఊరుకోను."

మెట్లెక్కుతుంటే కింద అవే మిషన్ల టకటక. బల్ల కింద అట్టముక్క మారింది, బల్ల మారలేదు. పాతవాళ్లంతా వచ్చారు. జేబులో చక్కటి వీడ్కోలు ప్రసంగం రాసి పెట్టుకున్నాడు. బల్ల దగ్గరికెళ్లి, అలవాటుగా చివరి వరుస వైపు చూశాడు.

ఎడమవైపు కుర్చీలో ఆమె. కొత్తగా కళ్లజోడు. చేతిలో అదే గ్లాసు, అదే చెంచా.

రాసుకున్నదంతా గాలికి కొట్టుకుపోయింది.

"అందరికీ నమస్కారం. అంటే..."

అలవాటుగా అందరి తలలూ వెనక్కి తిరిగాయి. గ్లాసు మోగలేదు.

"అంటే... ఆ రోజు నేను చెప్పింది... అంటే, అది ప్రసంగం కాదండీ. అంటే, ప్రసంగమే, కానీ... నిజం. అంటే, ఇప్పటికీ..."

చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మళ్లీ తెలియలేదు. చెంచా గాలిలోనే ఆగిపోయి ఉంది.

"ఏమ్మా, డ్యూటీ మర్చిపోయావా?" అన్నారు మాస్టారు.

"లేదు బాబాయ్," అంటూ ఆమె లేచింది. "ముందు లోపం చెప్తాను. ఇన్నేళ్లు ఆలస్యం. ఆ రోజు ఈయన ఒక్కసారి కూడా 'అంటే' అనలేదు. నిజంగా మనసులో మాటైతే ఈ మనిషి అంత గడగడా చెప్పగలడా? క్లాసు కోసం బట్టీపట్టి అప్పజెప్పాడనుకున్నాను. ఇంటికెళ్లి ఏడ్చాను."

తన వారం రోజుల సాధనే తన కొంప ముంచిందని అతనికి అప్పుడు అర్థమైంది.

"మరి మంచి?" అన్నాడు మెల్లగా.

"ఇవాళ నమ్మాను," అని ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఓహో! వచ్చిన ప్రతి సంబంధానికీ వంక పెట్టింది ఇందుకా! ఒకడి నవ్వు బాలేదంది, ఒకడి పన్ను బాలేదంది. నేను నిజంగానే పళ్లు చూస్తోందనుకున్నాను," అన్నారు మాస్టారు. తర్వాత అతని వైపు తిరిగారు. "మా అన్నయ్యతో నేను మాట్లాడతాను. మాట్లాడ్డం నాకు బాగానే వచ్చు."

అతను బల్ల వదిలేసి, కుర్చీల మధ్యనుంచి చివరి వరుస దాకా నడిచి వచ్చాడు. ఆ దారిలో నడవడం అదే మొదటిసారి.

"మరి మీరేమంటారు?" అన్నాడు.

ఆమె అతన్ని చూసింది. గ్లాసుని చూసింది. ఎవరికీ ఎప్పుడూ మాట తడుముకోని మనిషి, చెవులదాకా ఎర్రబడిపోయింది.

"అంటే..." అంది.

అతను ఆమె చేతిలోంచి చెంచా తీసుకుని గ్లాసు మీద కొట్టాడు.

టంగ్!