డాగ్నీ వెస్ట్రమ్ పసుపు ముఖం

బీచ్‌వుడ్ కొండ మెట్లదారిలో, రెండో మలుపు దగ్గరున్న ఇంటి ముందు ఎవరూ ఆగరు. చీకటిపడితే పిల్లల్ని ఆ దారిన పంపం. మూగ సినిమాల రోజుల్లో వెలిగిన డాగ్నీ వెస్ట్రమ్ ఇల్లది. మాటల సినిమా వచ్చిన ఏడాది, ఆ నార్వే యాస పనికిరాదంటూ, గొంతు పరీక్షయినా చెయ్యకుండా స్టూడియో ఆమెను సాగనంపింది. ఆ దిగులుతోనే పోయిందంటారు... పోయినా ఇల్లు వదల్లేదంటారు.

నేను చూసింది కాదు. మేకప్ గదిలో నా పక్కన పనిచేసే ఓపల్ చెప్పింది. ఓపల్ కాస్త కలిపి చెబుతుంది. ఆ కలిపిందంతా తీసేసే చెబుతున్నాను.

పందొమ్మిది వందల యాభైమూడు, మార్చి నెల. చివరి బస్సు దిగి ఓపల్ ఇంటికి మెట్లెక్కుతోంది. రెండో మలుపు తిరిగేసరికి ఆ ఇంటి కిటికీలో — వెలుగు.

చూడకూడదనుకుంది. చూసింది.

కిటికీ అద్దం వెనక ఒక ఆడమనిషి. ముఖం పసుపు... పండిన అరటితొక్క రంగు. కనురెప్పలు నీలం. పెదాలు నల్లటి గోధుమరంగు. ఆ పెదాలు కదులుతున్నాయి, ఎవరినో బతిమాలుతున్నట్టు — మాట మాత్రం లేదు.

కింద చీకటి, పైన చీకటి. అలా చూస్తూ చూస్తూ ఉండగా, అంత భయంలోనూ మా ఓపల్‌కి పనిబుద్ధి పుట్టింది. ఆ పసుపు మెడ దగ్గర గీత కనపడకుండా ఎంత నున్నగా కలిసిపోయిందో... చెవుల వెనక కూడా రాసుంది.

దెయ్యాలు చెవుల వెనక రాసుకుంటాయా?

అప్పుడు తట్టింది. పాత ఫిల్ముకి ఎరుపు ఆనేది కాదు, ఎర్రటి బుగ్గ తెర మీద మసిపూసినట్టు పడేది, అందుకే అప్పటివాళ్ళు పసుపు పూసుకునేవారని మాకు పని నేర్పిన ముసలాయన చెప్పాడు.

ఓపల్ వెళ్ళి తలుపు తట్టింది.

లోపల ఏదో పడి పగిలింది. చాలాసేపటికి తలుపు సందులోంచి గుసగుస — ఎవరది అని.

"మేకప్ పిల్లనండీ. మీరు... బతికే ఉన్నారా, అమ్మగారూ?"

"రేపు తొమ్మిదింటిదాకా ఉండాలి," అంది లోపలి గొంతు. "ఆ తర్వాత చూద్దాం."

రేపు తొమ్మిదింటికి ఆవిడకి కెమెరా ముందు తెర పరీక్షట. ఇరవైనాలుగేళ్ళ తర్వాత మొదటిది. నాయనమ్మ వేషం. ఇదీ పోతే ఇల్లమ్మేసి, నార్వేలో చెల్లెలి పంచన చేరడమే. పాత యాస ఎక్కడ బయటపడుతుందోనని గొంతెత్తకుండా, పెదాలతోనే పాఠం వల్లెవేసుకుంటోంది.

ఓపల్ మెల్లగా చెప్పింది. "అమ్మగారూ, రేపటిది మా స్టూడియో తీసే రంగుల సినిమా. ఈ ముఖంతో వెళితే కెమెరామన్ పారిపోతాడు."

"నా రోజుల్లో వాళ్ళు నా వెనక పరిగెత్తేవారు," అందావిడ. అని, బుద్ధిగా కుర్చీలో కూర్చుని ముఖం పైకెత్తింది.

కోల్డ్ క్రీముతో తుడిస్తే లోపల మామూలు అరవై ఏళ్ళ ముఖం. తెల్లారి ఓపలే మళ్ళీ వచ్చి తేలిక రంగు వేసి, తనే స్టూడియోకి తీసుకెళ్ళింది. పరీక్ష అయింది. బాగుందనీ అనలేదు, బాగులేదనీ అనలేదు. రెండు రోజులాగి రమ్మన్నారు, తెర మీద వేసి చూద్దామన్నారు.

ఆ రోజు ఓపల్ ఆవిడ పక్కనే కూర్చుంది. దీపాలార్పారు. తెర మీదికి నాయనమ్మ వచ్చింది. చీకట్లో ఒక గొంతు లేచింది — లోతుగా, కొంచెం బొంగురుగా, తొందర లేకుండా.

డాగ్నీ చటుక్కున ఓపల్ చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్... ఆ మాట్లాడేదెవరు?"

"మీరేనండీ."

నలభై సినిమాలు చేసిన మనిషి. తెర మీద తన గొంతు తాను వినడం అదే మొదలు.

వెనక వరుసలోంచి నిర్మాత, సోమవారం నుంచి రాగలరా అని అడిగాడు. ఆవిడ తెర మీంచి చూపు తిప్పలేదు.

"ష్... ఉండండి," అంది. "ఆవిడ ఇంకా మాట్లాడుతోంది."