చెక్క పలకల దారి

మా వైపు కొండల్లేవు. ఈపర్ పట్నం నుంచి సముద్రం దాకా చాప పరిచినట్టు పొలాలే. అయినా మా ఊళ్లో ముప్ఫయ్యేళ్లుగా మౌంటెన్ బైకుల క్లబ్బుంది. "మా ఊరి కొండంటే బడి ముందున్న స్పీడ్ బ్రేకరే" అని కొత్తగా చేరినవాళ్లకి మా తమ్ముడు వానెస్ చెప్పి నవ్వుతాడు. కొండలకి బదులు మాకు బురదుంది. నవంబరులో బీట్ దుంపలు తవ్వేశాక ఆ బంకమట్టిలో సైకిలు తొక్కి చూడండి, కొండెక్కడమే నయమనిపిస్తుంది.

ఆ మట్టి కింద ఏముందో మాకందరికీ తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధం నాలుగేళ్లు మా పొలాల్లోనే జరిగింది. అప్పట్లో సైనికులు ఈ బురద మీద చెక్క పలకలు పరుచుకుని నడిచేవాళ్లట. ఇప్పటికీ దున్నితే తుప్పు పట్టిన ఫిరంగి గుండ్లు పైకొస్తాయి. రైతులు వాటిని కరెంటు స్తంభం పక్కన పెట్టి ఫోన్ చేస్తే, సైన్యం వాళ్లొచ్చి పట్టుకుపోతారు. ఎముకలొస్తే పోలీసులకి ఫోన్ చేస్తారు. మేం దీని గురించి పెద్దగా మాట్లాడుకోం. అలవాటైపోయింది.

ఏటా నవంబరు చివరి ఆదివారం మా క్లబ్బు రైడ్ జరుగుతుంది. దారి పొడుగునా పసుపు బాణాల అట్టలు కట్టేది వానెస్. అంతా అయ్యాక విప్పేది మేమిద్దరం. ఆ రోజు కూడా అందరూ హాల్లో చేరి బఠాణీ సూపు తాగుతుంటే, మూడున్నరకి మళ్లీ సైకిళ్లెక్కాం.

"లుట్‌గార్ట్ అక్కా, సూపు మిగల్చమని చెప్పావా?"

"చెప్పాలే. నువ్వు తొక్కే తొక్కుడుకి మనం చేరేసరికి రేపు తెల్లారుతుంది."

"నీ మోకాళ్ల చప్పుడు నా గొలుసు చప్పుడుని మింగేస్తోంది, ముందది చూసుకో!"

వానెస్ నాకంటే ఆరేళ్లు చిన్న. భారీ మనిషి, ఒట్టి భోళా. రైడ్‌లో ఎవరి టైరు పంచరైనా వాడే ఆగేవాడు. ఆగి ఆగి ప్రతి ఏడూ అందరికంటే చివర వచ్చేవాడు. నేను ఆగే రకం కాదు. మా ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు.

సగం బాణాలు విప్పేసరికి పొగమంచు పట్టింది. ముందు దూరాన చర్చి గోపురం పోయింది. తర్వాత చెట్ల వరస. ఆ తర్వాత పది గజాల అవతల ఏమీ కనిపించలేదు. మా ఊరి రైతు ఓదిల్ తాత పొలం గట్టు దగ్గర మా దారి తిన్నగా పోవాలి. అక్కడ స్తంభానికి కట్టిన బాణం ఎడమకి, పొలంలోకి చూపిస్తోంది.

"ఇది నేను కట్టలేదే," అన్నాడు వానెస్.

"బీరు కొట్టి కట్టుంటావ్."

"చూడు, మనం ప్లాస్టిక్ పట్టీలతో కడతాం కదా. ఇది ఇనప ముళ్లతీగ."

పక్క ఊరి క్లబ్బు వాళ్ల వెధవ వేషాలనుకున్నాం. విప్పి సంచిలో పడేశాడు. మంచులో కాస్త అవతల ఇంకో పసుపు అట్ట కనిపించింది. దాని అవతల ఇంకోటి. అట్టలు మావే, మళ్లీ వాడాలి. వదిలేసి ఎలా పోతాం? పొలంలోకి తిప్పాం.

నాలుగో బాణం దగ్గరో, అయిదో దాని దగ్గరో గమనించాను. టైర్లు దిగబడ్డం లేదు. కింద టక... టక... టక మని చప్పుడు. వంగి చూశాను. బురద మీద చెక్క పలకలు, నిచ్చెన పడుకోబెట్టినట్టు. మనిషి వెడల్పే ఉంది దారి. రెండు పక్కలా నీళ్లు నిండిన గోతులు.

పొద్దున ఇదే పొలం చూశాను. అక్కడ దున్నిన మట్టి తప్ప ఏమీ లేదు.

వాసన కూడా మారింది. బీట్ ఆకులు కుళ్లిన వాసన పోయి, పచ్చి ఆవాలు నూరినట్టు ఘాటుగా ముక్కుకి తగిలింది. కళ్లు మండాయి.

"వెనక్కి పోదాం పద," అన్నాను. నా గొంతు నాకే గుసగుసలా వినిపించింది.

"ష్ష్... అక్కా, విను."

కుడి పక్కన, చాలా దగ్గర్లో, ఎవరో ఊపిరి తీస్తున్నారు. తడి ఊపిరి. తర్వాత మాట. ఏ భాషో తెలీదు, నోటి నిండా మట్టి ఉన్న మాట అది. కానీ అర్థమైంది. అర్థం కాకపోవడానికేముంది? చెయ్యి ఇమ్మంటున్నాడు.

గోతిలో ఛాతీ దాకా కూరుకుపోయి ఒక మనిషి. ముఖం, జుట్టు, కనురెప్పలు అన్నీ మట్టే. కళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి.

"వానెస్, వద్దు."

అప్పటికే వాడు సైకిలు పడేసి పలకల మీద బోర్లా పడుకున్నాడు. చెయ్యి చాచాడు. ఆ మనిషి మణికట్టు పట్టుకున్నాడు.

"నా కోటు పట్టుకో అక్కా... లాగు!"

పట్టుకున్నాను. లాగాను. బురద జుర్రుమంది. మనిషి జానెడు పైకొచ్చాడు... రెండు జానలు...

అప్పుడు వినిపించాయి, వెనక నుంచి. బూట్లు. ఒకటి కాదు, పది కాదు. పలకల మీద బరువుగా, ఒకే లయలో. మంచులోంచి మాట ఒకటి నోటి నుంచి నోటికి పాకుతూ వచ్చింది. అదీ అర్థమైంది.

ఆగొద్దు. ఆగొద్దు. ఆగొద్దు.

నా వీపుకి ఏదో తగిలింది. తడి ఉన్ని వాసన. నేను తిరిగి చూడలేదు.

"అక్కా... వదలకు."

తోపులాటలో చెయ్యి జారిందని తర్వాత అందరికీ చెప్పాను. పోలీసులకీ అదే చెప్పాను. ఇక్కడ మాత్రం నిజం రాస్తాను. ఎవరూ నన్ను తొయ్యలేదు. నాకు భయమేసింది. వేళ్లు నేనే విప్పాను. వాడి మీంచి దాటి ఒక అడుగు వేశాను. తర్వాత ఇంకోటి. ముందు ఎవరి వీపో, వెనక ఎవరి ఊపిరో. నడిచాను. వెనక నుంచి "అక్కా" అని వినిపించింది... మళ్లీ వినిపించింది... తర్వాత వినిపించలేదు.

ఎంతసేపు నడిచానో తెలీదు. ఉన్నట్టుండి కాళ్ల కింద తారు రోడ్డు తగిలింది. ఎదురుగా ట్రాక్టరు దీపాలు. ఓదిల్ తాత గబగబా దిగాడు.

"ఏమ్మా, దెబ్బ తగిలిందా? నీ సైకిలేది?"

"వానెస్... నీ పొలంలో... పలకల దారి మీద..."

"నా పొలంలో పలకలేంటమ్మా?" అన్నాడు. అని, నా ముఖం చూసి ఇంకేమీ అడక్కుండా తాడు తీసుకున్నాడు. టైమ్ చూశాను. నాలుగున్నర కూడా కాలేదు.

మంచు పల్చబడింది. పొలం నడిమధ్య రెండు సైకిళ్లు పడున్నాయి. పలకల్లేవు. గోతుల్లేవు. దున్నిన మట్టిలో వానెస్ ఛాతీ దాకా దిగబడి ఉన్నాడు, ఒంటరిగా. చేతులు రెండూ పైకి చాచి ఉన్నాయి. అరవడం లేదు. నా వైపు చూశాడు గానీ, నన్ను గుర్తుపట్టినట్టు లేదు.

చంకల కింద తాడు కట్టి ట్రాక్టరుతో లాగాం.

ఆసుపత్రిలో బూట్లు కోసి తీశారు. డాక్టరమ్మ బయటికొచ్చి నన్ను పక్కకి పిలిచింది. నడివయసు మనిషి, గొంతు తగ్గించి అడిగింది.

"మీ తమ్ముడు ఎన్ని రోజులు నీళ్లలో నిలబడ్డాడు?"

"రోజులా? అరగంట కూడా ఉండదు."

"పాదాలు నల్లబడ్డాయి. చర్మం ఊడి వస్తోంది. ఇది రెండు మూడు వారాలు బురదలో నానితే తప్ప రాదమ్మా. నిజం చెప్పండి."

నేను చెప్పిందే మళ్లీ చెప్పాను. ఆమె నమ్మలేదు.

లోపలికెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. వాడి చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి తీసుకున్నాడు.

"వానెస్, నన్ను క్షమించరా. వెంటనే వచ్చాను కదా..."

వాడు పైకప్పు కేసి చూస్తూ, తిట్టినట్టు కాకుండా మామూలుగానే అన్నాడు.

"రోజూ వచ్చావ్ అక్కా. వాళ్లతో పాటు రోజూ నా పక్క నుంచే నడిచి వెళ్లావ్. పిలిచిన ప్రతిసారీ నా కేసి చూశావ్. చూసి, వెళ్లిపోయావ్."

బొంకకు అని నోటిదాకా వచ్చింది.

ఆ రాత్రి ఓదిల్ తాత నన్ను ఇంటి దగ్గర దింపాడు. గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పాను. వారం కిందట కొన్నవి. రోజంతా సైకిలు మీదే ఉన్నదాన్ని, నడిచింది పొలానికి అడ్డంగా ఒక్కసారి. దీపం కింద వాటిని తిప్పి చూశాను.

రెండింటి అడుగులూ కాగితమంత పల్చగా అరిగిపోయి ఉన్నాయి. మడమల దగ్గర చిల్లులు పడ్డాయి. వాటి చుట్టూ బంకమట్టి పొర మీద పొరగా, ఎండి, మళ్లీ తడిసి, మళ్లీ ఎండి ఉంది.